రాప్ సాబ్ గొంతు

గెలిస్తే గీకుడు కేసెట్టే గెలవాలని ఈరన్న బల్ల గుద్ది మరీ చెబుతున్నాడు, ఆ గుద్దుకు టీ గ్లాసులు గల్లుమన్నాయి, తెరకు ఇవతల నేను నా కేసెట్టును ఒళ్ళో పెట్టుకుని వింటున్నాను. నాది ఇంకా వాళ్ళు వినలేదు. అన్నింటికన్నా చివర నాదే. అందులో గొంతు ఎవరిదో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు, అది నా గొంతే. చేతులు చల్లబడ్డాయి, పడితే పడనీ, ఇప్పుడు చేతులతో పనేముంది, చెవులుంటే చాలు. ఆదోని బజారులో మా అన్న నబీ సాబ్ రికార్డింగు అంగడి ఇది. ముందు గదిలో అన్న, గిరాకీలు, గోడంతా కేసెట్లు, నడుమ ముదురాకుపచ్చ తెర, వెనక గదిలో డబల్ డెక్కు, ఆంప్లిఫయరు, అమ్మ, నేను. ఖాళీ కేసెట్టు తెర సందులోంచి లోపలికి వస్తుంది, పాటలు నింపుకుని అదే సందులోంచి బయటికి పోతుంది. ముందు గదిలో ఉన్న పెద్ద సౌండు డబ్బాకు వైరు కూడా ఈ గదిలోంచే పోతుంది గనుక ఆ మొనగాళ్ళంతా వినేది నేను వినిపిస్తేనే. అయినా ఆ అంగట్లో నాకు పేరు లేదు. సుగ్రాబీ అని అమ్మకు తెలుసు, అన్నకు తెలుసు, రేషను కార్డుకు తెలుసు, అంగట్లో మాత్రం నా పేరు 'లోపల'. లోపల ఇచ్చినా, రేపు రాండి, అంటాడు అన్న. లోపల అడిగి చెప్తా, అంటాడు. లోపల జ్వరమొచ్చింది, ఆలస్యమైతాది, అని కూడా ఒకసారి అన్నాడు, ఆ వచ్చినవాడు మిషనుకు ఏదో అయిందనుకుని మంచి మెకానిక్కు పేరు చెప్పి పోయాడు.

లోపలి గొంతు బయటికి పోకూడదు. ఎమ్మిగనూరులో అత్తగారింటి నుంచి నన్ను వెనక్కి తెచ్చుకున్న రోజున అన్న పెట్టిన షరతు అదొక్కటే. అన్నను పిలవాలంటే స్టీలు గ్లాసు మీద స్పూనుతో కొట్టాలి, ఒకసారి కొడితే కేసెట్టు అయిందని, రెండుసార్లు కొడితే టీ అయిందని, ఆపకుండా కొడితే అమ్మకు ఆయాసం వచ్చిందని. అసలు నాది ఆడగొంతులా ఉండదు, చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి పోతూ పోతూ గొంతును బొంగురు చేసి పోయింది. పెళ్ళయిన వారానికే మా అత్త "యిదేం గొంతమ్మా, ఎవరో మగోడు వచ్చినాడని ముసుగేసుకుంటి" అంటే నేను కూడా నవ్వాను. తర్వాత తర్వాత నవ్వడం మానేశాను. గొంతు సంగతి సరే, దానికి తోడు నాది ఊరుకునే నోరు కాదు, అడిగిన దానికి చెబుతాను, అడగని దానికీ చెబుతాను, అలా చెప్పడం తప్పంటే ఎందుకు తప్పో చెప్పమంటాను. నోరుగల్లది అని పంపేశారు. చేతులుగల్లది అని ఎవరినీ పంపరు, కండెలు చుట్టడానికి కావాలి కదా, కాళ్ళుగల్లది అని పంపరు, నీళ్ళు మోయడానికి కావాలి. నోరు ఒక్కటే ఎక్కువైంది వాళ్ళకు. సరేలే, ఎక్కువైనదాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలుసు.

"గీకుడేందప్పా, టేపు సెడిపోయినట్ల గీకుతాడు, దానికి పైన బహుమానమా" అంటున్నాడు చోటే సాబ్. పెళ్ళి బ్యాండులో పెద్ద డ్రమ్ము కొట్టేవాడు, దెబ్బ తప్పితే ఒప్పుకోడు. ఆ కేసెట్టు వచ్చినప్పుడు అన్న కూడా చెడిపోయిందనే అనుకున్నాడు, స్పిరిట్టులో దూది ముంచి హెడ్డును తుడిచి తుడిచి అరగదీశాడు, నేను అది చెడిపోవడం కాదని, గీకుడు కూడా తాళంలోనే ఉందని గ్లాసు మీద స్పూనుతో కొట్టి చూపిస్తే గానీ నమ్మలేదు. ప్రతి ఏడూ డిసెంబరు చివరి ఆదివారం మధ్యాహ్నం వీళ్ళు ఇక్కడ చేరి ఆ ఏడు వచ్చిన కొత్త కేసెట్లలో ఏది గొప్పదో తేలుస్తారు, సినిమా పాటలు కాదు, కవ్వాలీలు కాదు, దుబాయి నుంచి మా పిన్నమ్మ కొడుకు అబ్దుల్ గనీ పంపే కేసెట్లు. డ్రమ్ము మీద డ్రమ్ము పడుతుంటే ఒక మనిషి పాడకుండా, ఊపిరి తిప్పుకోకుండా, కోపంగా మాట్లాడుతూనే ఉంటాడు. మూడేళ్ళ కిందట మొదటి కేసెట్టు వచ్చినప్పుడు దాని మీద ఇంగ్లీషులో ఉన్న అక్షరాలను సుబ్రమణ్యం "రాప్" అని చదివాడు. సుబ్రమణ్యం పత్తి కమీషను అంగడి వాళ్ళ అబ్బాయి, కర్నూలులో కాలేజీ చూసి వచ్చినవాడు, ఇంగ్లీషులో ఆయన మాటకు అప్పీలు లేదు. పాడేవాని పేరు రాప్ అన్నమాట, అనుకున్నారు అందరూ. మా పక్క మనిషిని ఒట్టి పేరుతో పిలిస్తే మర్యాద కాదు గనుక రెండో వారానికల్లా ఆయన రాప్ సాబ్ అయిపోయాడు. నబీ సాబ్, చోటే సాబ్, రాప్ సాబ్. పేరు వెనక సాబ్ ఉంది గనుక మనవాడేనని చోటే సాబ్ తేల్చేశాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి కేసెట్టూ రాప్ సాబ్‌దే, గొంతు మారితే జలుబు చేసిందన్నారు, ఇద్దరు మాట్లాడితే తమ్ముణ్ణి తోడు తెచ్చుకున్నాడన్నారు. సెలవు మీద వచ్చిన గనీ తల పట్టుకుని "అది పేరు కాదప్పా, అట్ల సెప్పే రకం అది, శానామంది సెప్తారు" అంటే, "నువ్వు ఏసీలు రిపేరు సేసేటోనివి, నీకేం తెలుసు పో" అని ఈరన్న వాదన ముగించాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ పోయిన ఏడు నవ్వు రాలేదు. పోయిన ఏడు పార్సిల్లో ఒక కేసెట్టు వచ్చింది, డెక్కులో పెట్టి వినగానే నేను వెన్ను నిటారు చేసుకుని కూర్చున్నాను. ఆడమనిషి. మాట ఒక్కటీ అర్థం కాలేదు, కానీ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి చెబుతోందని అర్థమైంది, ఎదురుగా ఎవరో ఉన్నారని, వాళ్ళకు జవాబు చెబుతోందని, చెప్పడం అయ్యేదాకా అక్కణ్ణించి కదలదని అర్థమైంది. ఎక్కడో సముద్రాల అవతల ఒక నోరుగల్లది, దాన్ని ఎవరూ పుట్టింటికి పంపలేదు, పైగా దాని వెనకాల డ్రమ్ములు పెట్టారు. ఆ రోజు పది కేసెట్లు నింపాల్సింది ఒక్కటీ నింపలేదు. ఏడాది చివర ఇక్కడే ఈ ముగ్గురూ విని ఏమన్నారు, మగగొంతు ఇంకా రాని పిల్లోడన్నారు, రాప్ సాబ్ కడగొట్టు తమ్ముడన్నారు. ఆ కేసెట్టుకు పిల్లోని కేసెట్టు అని పేరు కూడా పెట్టారు. నాకు తెర చింపుకుని పోయి ఒరే మీ చెవులు పాడుగాను, అది ఆడమనిషి అని చెప్పాలనిపించింది, గ్లాసు తీసుకుని కొట్టాను, అన్న రెండు దెబ్బలే విని టీ కోసం చెయ్యి చాపాడు. ఆ చేతిలో టీ పెట్టాను. పెట్టి, ఆ రోజే అనుకున్నాను వచ్చే ఏడు చూడండి అని.

అమ్మ వేరుశనగ బుడ్డలు ఒలుస్తోంది, చిటుక్, చిటుక్, ఆ చప్పుడుకు డ్రమ్ము వేయాలనిపిస్తుంది నాకు, ఈ మధ్య ఏ చప్పుడు విన్నా అంతే. ఎమ్మిగనూరులో మా అత్తగారిది మగ్గాలవాళ్ళ వీధి. వాళ్ళవి మగ్గాలు కావు, మామకు రంగుల అంగడి, కానీ ఎటుపక్క ఇంట్లో విన్నా మగ్గమే, ఫజర్ నమాజుకు లేస్తే మగ్గం, పొయ్యి అంటిస్తే మగ్గం, గోడ మీద చెయ్యి పెడితే గోడలో మగ్గం. నేను రాట్నం ముందు కూర్చుని పక్కింటి చెన్నమ్మక్క మగ్గానికి కండెలు చుట్టేదాన్ని, ఆమె గుంటలో కాళ్ళు పెట్టి నేస్తూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది, మగ్గం దెబ్బకు ఒక మాట, దెబ్బకు ఒక మాట, మొగుడి మీద, సొసైటీ మీద, నూలు మీద, దేవుడి మీద. ఆమెను ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, మగ్గం చప్పుడులో వినపడేది కాదు కాబట్టి. నేను వాకిట్లో మగ్గం లేకుండా మాట్లాడాను, వినపడింది. అంతే నేను చేసిన నేరం. రంగుల అంగట్లో కూలీలకు మామ తక్కువ ఇచ్చాడని నలుగురిలో అన్నాను, నా కడుపులో నిలవని బిడ్డ గురించి ఆడబిడ్డ ఒక మాటంటే రెండు అన్నాను, మా ఆయన చెయ్యెత్తితే ఎత్తిన చెయ్యి దించు ముందు, తర్వాత మాట్లాడదాం అన్నాను. ఆయన చెయ్యి దించాడు గానీ తర్వాత మాట్లాడలేదు, పెద్దమనుషులను పిలిచాడు.

పెద్దమనుషులు పట్టెమంచం మీద, కుర్చీల మీద కూర్చున్నారు. నేను గడప దగ్గర నిలబడ్డాను. అత్తను అడిగారు, ఆమె చెప్పింది. మామను అడిగారు, ఆయన చెప్పాడు. ఆడబిడ్డను, మా ఆయనను, ఎదురింటి పెద్దాయనను, పోనీ పెద్దాయన నా మంచి చెబుతాడనుకుంటే ఆయన కూడా గొంతు సంగతే చెప్పాడు. ఆదోని నుంచి వచ్చిన మా అన్నను అడిగారు, నువ్వేమంటావు నబీ సాబ్ అని. అన్న గోడ మీద గడియారం వంక చూసి "గంటెంతయింది, ఆదోని బస్సు పోతాదేమో" అన్నాడు. అదే ఆయన జవాబు. అందరూ లేచారు. నన్ను ఒక్కరూ అడగలేదు, సుగ్రాబీ నువ్వేమంటావు అని ఒక్క మాట, అబద్ధానికైనా. బస్టాండులో అన్న ఉగ్గాని, బజ్జీ కొని పొట్లం నా చేతిలో పెట్టాడు, తినలేకపోతే బస్సులో తినమ్మా అని తల అటు తిప్పుకున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడని తెలిసింది నాకు. అన్న చెడ్డవాడు కాదు. తిండికి లోటు చేయలేదు, వదిన చనిపోయినాక ఇంటి తాళాలన్నీ నా కొంగుకే కట్టాడు, డెక్కు మీద చెయ్యి పెట్టనిచ్చాడు, ఏ ఆడదాన్ని పెట్టనిస్తారు ఈ ఊళ్ళో. నాకు అన్నంటే ప్రేమే. ఆ ప్రేమ పక్కనే గడియారం ఇంకా టిక్కుటిక్కుమంటూనే ఉంది, ఏం చేయను.

"అద్దం పగిలే కేసెట్టు కూడా తక్కువదేం కాదు" సుబ్రమణ్యం గొంతు సర్దుకున్నాడు, "దాంట్లో ఇంగ్లీషు స్పష్టంగా తెలుస్తాంది నాకు." ఏం తెలిసిందో చెప్పప్పా అని ఈరన్న అడిగితే "కమాన్ అన్నాడు, శానాసార్లు అన్నాడు" అని చెప్పాడు పాపం. ఈరన్న జిన్నింగు మిల్లులో పనిచేస్తాడు, పత్తి మిషన్ల రొదలో ఉండి ఉండి ఆయనకు మామూలు మాట వినపడదు, గట్టిగా అరిచిందే ఆయనకు పాట. గెలిచిన కేసెట్టుకు ఏడాది కేసెట్టు అని పేరు, దాన్ని పొద్దుగూకేదాకా బజారంతా వినపడేట్టు పెడతారు, నకళ్ళు తీయించి పంచుతారు, గోనెగండ్ల బ్యాండువాళ్ళకు, కౌతాళంలో ఈరన్న బావమరిది సైకిలు అంగడికి, ఎమ్మిగనూరు బస్టాండు పక్కన టీ హోటలుకు. ఆ టీ హోటల్లో మా మామ రోజూ పొద్దున్నే టీ తాగుతాడు. ఆయన, ఆయన కొడుకు, ఆ పెద్దమనుషుల్లో సగంమంది. ఏడాది కేసెట్టు ఆ హోటల్లో ఏడాది పొడుగునా మోగుతుంది. ఇప్పుడు తెలిసిందా నా చేతులు ఎందుకు చల్లబడ్డాయో. నాది గెలిస్తే నేను ఎమ్మిగనూరు పోతాను, బస్సు ఎక్కకుండా, ముసుగు వేసుకోకుండా, వాళ్ళ టీ గ్లాసుల మధ్యకు పోయి నిలబడతాను. గెలవకపోతే ఈ కేసెట్టు మీద అన్న ఎవరికో పెళ్ళి పాటలు ఎక్కించమంటాడు, నా నోటి మీద నా చేత్తోనే సన్నాయి ఎక్కిస్తాను.

చేసింది వానాకాలంలో. గనీ పంపినదాంట్లో ఒక కేసెట్టు రెండో వైపు ఒట్టి డ్రమ్ము కాసేపు వచ్చి ఆగిపోతుంది, మాట ఉండదు, ఎవరైనా వచ్చి మాట్లాడండి అని చోటు వదిలిపెట్టినట్టు. ఆ కాస్త ముక్కనే ఈ డెక్కులోంచి ఆ డెక్కులోకి ఎక్కించి, బిళ్ళ నొక్కి ఆపి, వెనక్కి తిప్పి, సరిగ్గా దెబ్బ మీద మళ్ళీ వదిలి, మళ్ళీ ఆపి, కరెంటు పోయినప్పుడల్లా మొదటికి వచ్చి, అలా అతుకుల మీద అతుకులు వేస్తే డ్రమ్ము కేసెట్టు పొడుగునా వచ్చింది. అన్న జుమా నమాజుకు పోయినప్పుడు పెళ్ళిళ్ళలో రికార్డు చేసే చిన్న మైకు గుచ్చి మాట్లాడాను. మొదటిసారి వణికింది, రెండోసారి అరిచాను, మూడోసారి చెన్నమ్మక్క గుర్తుకొచ్చింది, దెబ్బకు ఒక మాట, దెబ్బకు ఒక మాట, అంతే. మా ఇంట్లో మాటలు ఉర్దూలోనే గానీ ఇది తెలుగులోనే వచ్చింది, పంచాయితీ తెలుగులో చేశారు మరి. అమ్మ మంచం మీద నుంచి చూస్తూ పడుకుంది, ఎవరిని తిడుతున్నావే అని అడిగింది, అందరినీ అన్నాను, తిట్టు అని అటు తిరిగి పడుకుంది. కేసెట్టు మీద గనీ రాసినట్టే ఆ ఇంగ్లీషు అక్షరాలు దిద్ది పార్సిల్లో కలిపేశాను.

"అయినాయా అన్నీ? లోపల ఇంకేమన్నా ఉండాయా?" అన్న గొంతు. ఒక్క దెబ్బ కొట్టాను. ఉంది. "ఇదొకటి గనీ మొన్న పంపినాడు, నేను కూడా ఇన్లేదు" అంటున్నాడు వాళ్ళతో. కేసెట్టు పెట్టాను, మూత వేశాను, బిళ్ళ నొక్కాను, వేలు బిళ్ళ మీదే ఉండిపోయింది. డ్రమ్ము మొదలైంది. చోటే సాబ్ చేత్తో బల్ల మీద అందుకున్నాడు. అప్పుడు వచ్చింది గొంతు.

అడిగితిరా, నన్నడిగితిరా
అత్తనడిగితిరి మామనడిగితిరి
దారిన పోయే దానయ్యనడిగితిరి
గోడమిందుండే గడియారాన్నడిగితిరి
గడపకాడుండే నన్ను మాత్రం అడగకపోతిరి

నోరుందంటిరి, నోరుందంటిరి
నోరు లేకుంటే నీళ్ళెట్ల తాగేది
కూట్లో ఉప్పు సాలదని ఎట్ల సెప్పేది
మీరు పిలిస్తే యాడినుంచి పలికేది

మగ్గం పలికితే మంచిదంటిరి
మనిసి పలికితే మానం పోయెనంటిరి
పంపితే పోతి గానీ మూగబోతినా
ఈడుండి సెప్తాండా, ఆడుండి ఇనుకోండి

ఇంకా ఉంది, చాలా ఉంది, రెండో వైపు కూడా ఉంది, నేను ముందే విన్నాను గనుక కొత్తేం లేదనుకున్నాను, కానీ నా గొంతు నాకు ముందు గదిలోంచి రావడం ఇదే మొదలు, గోడకు కొట్టుకుని, మగవాళ్ళ మధ్య నుంచి నడిచి తిరిగొస్తోంది, ఎంత పెద్దగా ఉంది, ఎంత బాగుంది నా గొంతు, ఎవరైనా చెప్పారా నాకు ఇది బాగుంటుందని, ఇన్నేళ్ళు దీన్ని సిగ్గుపడి కొంగు అంచుతో నొక్కి పెట్టుకున్నానా నేను. ఏడుపొచ్చింది. తుడుచుకోలేదు. కేసెట్టు ఆగింది.

"తెలుగప్పా" అన్నాడు ఈరన్న. "రాప్ సాబ్ తెలుగు నేర్సినాడప్పా. అదీ మన తెలుగు."

అది వినాలి మీరు. నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చి ఊపిరి ఆడలేదు. దుబాయిలో గనీ గదిలో మనవాళ్ళు చాలామంది ఉంటారు గదా, వాళ్ళ దగ్గర నేర్చుకుని ఉంటాడని సుబ్రమణ్యం అన్నాడు. మరి మగవాడు ఆడదాని మాట ఎట్లా చెప్పాడని తనే అనుమానపడ్డాడు. "నాటకాల్లో మగోళ్ళు ఆడ యేసం కట్టలేదా, ఇదీ అట్లే" అన్నాడు చోటే సాబ్, "డ్రమ్ము ఆడాడ అతుకు తెలుస్తాంది గానీ, గొంతు సూడు, మంచి మగగొంతు." ఈరన్న ఇంకేం మాట్లాడొద్దన్నాడు, ఏడాది కేసెట్టు ఇదే అన్నాడు, మా మిల్లులో పెడితే ఆడోళ్ళందరూ మిషన్లు ఆపి వింటారు అన్నాడు. కాదన్నవాళ్ళు లేరు. గెలిచాను. వెన్నులో ఒక వేడి పాకింది, ఆ వేడి పూర్తిగా పైకి రాకముందే ఈరన్న అడిగాడు, "యేం నబీ సాబ్, నువ్వు మాట్లాడవేమప్పా, యెవరిదప్పా ఈ గొంతు?"

తెరకు ఒకచోట సిగరెట్టు కాలిన బెజ్జం ఉంది, దాంట్లోంచి చూశాను. అన్న మెడ వెనక చెయ్యి పెట్టుకుని నేల చూస్తున్నాడు. తెలిసింది ఆయనకు. పాటలో గడియారం మాట దగ్గరే తెలిసి ఉంటుంది. చెప్పు అన్నా, నా చెల్లెలు అని చెప్పు, ఒక్కసారి, ఆ రోజు చెప్పనిది ఈ రోజు చెప్పు, నేను అన్నీ మరిచిపోతాను, ఆ పొట్లం ఒక్కటే గుర్తుపెట్టుకుంటాను.

"దుబాయిలో గోనెగండ్ల మేస్త్రీ ఒకడుండాడంట" అన్నాడు అన్న. "వాడు సెప్పినాడంట. గనీ రాసినాడు."

గోనెగండ్ల మేస్త్రీ. లేని మేస్త్రీకి నా నోరు ఇచ్చేశాడు, ఉన్న చెల్లెలికి లేదు. ఇటుకలు పేర్చేవాడు వాడెవడో నా గడప దగ్గర నిలబడ్డాడా, నా రాట్నం తిప్పాడా, నా బిడ్డను పోగొట్టుకున్నాడా. అన్న నన్ను కాపాడాలనే అన్నాడు, అది నాకు అర్థమవుతుంది, అదే మంట నాకు, ఎప్పుడూ కాపాడుతూనే ఉంటారు, కాపాడి కాపాడి ఇంత గదిలోకి తెచ్చి పెట్టారు. ఊరుకుంటే ఏం పోతుంది, నిదానంగా ఆలోచించు సుగ్రా. ఊరుకుంటే కేసెట్టు పోతుంది ఎమ్మిగనూరు, నా మాటలు వాళ్ళ చెవిలో పడతాయి, ఈ గది ఉంటుంది, డెక్కు ఉంటుంది, వచ్చే ఏడు ఇంకోటి చేసుకోవచ్చు. మాట్లాడితే ఈ గది ఉంటుందో లేదో. రేపు బజారులో అన్న తలెత్తుకుని తిరుగుతాడో లేదో. అన్నీ నిజమే. కానీ టీ హోటల్లో మా మామ టీ చప్పరిస్తూ ఎవడో మేస్త్రీ బాగా చెప్పినాడు అంటాడు, తల కూడా ఊపుతాడు, ఆ ఊపే తలను నేను ఇక్కడి నుంచే చూస్తున్నాను, ఒద్దు, నాకు ఆ తల ఊపు ఒద్దు. అది నా మాట. మేస్త్రీ చెబితే అది పాట, నేను చెబితే అది జవాబు.

"మల్లొకసారి ఏయించప్పా" అంటున్నాడు ఈరన్న. అన్న దగ్గాడు. "లోపల, మల్లా వేయండి" అన్నాడు, గొంతు సన్నగా ఉంది.

కేసెట్టు వెనక్కి తిప్పాను. వేయలేదు. మైకు తీసి ఆంప్లిఫయరుకు గుచ్చాను, ముందు గదిలో డబ్బా ఒక్కసారి కుయ్యిమని అరిచి ఊరుకుంది. అమ్మ బుడ్డలు ఒలవడం ఆపింది. నేను మైకును నోటికి దగ్గర పెట్టుకుని, డ్రమ్ము లేకుండా, మామూలుగా, అన్నం తిన్నారా అని అడిగినట్టు మాట్లాడాను.

"ఈరన్నా, నీ సేతిలో టీ సల్లారిపోతాంది, తాగు. యెవరి గొంతని అడిగితివి కదా. రాప్ సాబ్‌ది కాదు. మేస్త్రీది కాదు. నబీ సాబ్ సెల్లెల్ని మాట్లాడతాండా, లోపల అంటే నేనే."

కుర్చీ పడింది ముందు గదిలో. చోటే సాబ్ లాహౌలా అని దేవుణ్ణి తలుచుకున్నాడు. తెర తొలగింది, అన్న లోపలికి వచ్చాడు, మొహం తెల్లగా పాలిపోయింది, చెయ్యి నేరుగా ఆంప్లిఫయరు బిళ్ళ మీదికి పోయింది. నేను కదల్లేదు. మైకు దించలేదు. "ఆపుకుంటే ఆపుకో భయ్యా, వైరు లేకున్నా నా గొంతు వినపడతాది" అన్నాను, అదీ మైకులోనే అన్నాను, అదీ బయటికి పోయింది. అన్న కళ్ళలోకి చూశాను, ఆయనా చూశాడు, ఎమ్మిగనూరు నుంచి వచ్చినాక ఇంతసేపు చూడలేదు మేము ఒకరినొకరం. నా కోపం ఆయనకు కనపడాలి, ప్రేమ కూడా కనపడాలి, రెండూ చూపించే మొహం నాకు ఉందో లేదో తెలియదు. మంచం మీద నుంచి అమ్మ ఉర్దూలో అంది, ఆగరా నబీ, దాని మాట పూర్తి కానీ అని.

అన్న చెయ్యి బిళ్ళ మీదే ఉంది, నొక్కలేదు, తీయలేదు. ముందు గదిలో ఎవరూ లేచి పోయిన చప్పుడు లేదు. సుబ్రమణ్యం గొంతు వచ్చింది, డబ్బాను చూసి మాట్లాడుతున్నాడో తెరను చూసి మాట్లాడుతున్నాడో, బెరుగ్గా, మర్యాదగా.

"అమ్మా, ఎమ్మిగనూరుకు నకలు పోవాల. లేబులు మింద పేరు యేమని రాయమంటారు?"

అన్న నోరు తెరిచాడు. ఆయన మాట బయటికి రాకముందే మైకును పెదాలకు ఆనించుకున్నాను.

"సుగ్రాబీ అని రాయండి. యెనకాల సాబ్ అక్కర్లేదు."